ప్రింటరు మొరాయిస్తే ఏం చేయాలి? – లైనక్స్ కంప్యూటరు వాడేవారికి ఒక పాఠం

కథలు, కవితలు చక్కగా రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం రేపు ఇంటి దగ్గర పనికొచ్చే ఒక చిన్న సాంకేతిక పాఠం రాస్తున్నాను. ఓపికగా చదవగలరు.

కంప్యూటర్లు ఎంత పెరిగినా మనవంటి వారి చదువు ఇంకా కాగితం మీదే నడుస్తోంది. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, స్కాలర్‌షిప్పు దరఖాస్తు, హాల్‌టికెట్టు, ఉద్యోగానికి పంపే బయోడేటా, ఇవన్నీ చివరికి ప్రింటు తీసి చేతిలో పట్టుకొని వెళ్ళవలసినవే. ప్రతి దానికీ ఒక ఆఖరి తేదీ ఉంటుంది. ఆ తేదీ నాడే ప్రింటరు పనిచేయదు! అప్పుడు ఆత్మకూరుకో, నందికొట్కూరుకో బస్సెక్కి పోతే బస్సు ఛార్జీ, ప్రింటు ఖర్చు, ఒక పూట కూలి, మూడూ పోతాయి. అందుకని ఇంట్లో ఉన్న ప్రింటరును మనమే బాగుచేసుకోవడం నేర్చుకోవాలి.

ఇక లైనక్స్ ఎందుకు? మన ఇళ్ళలోకి వచ్చేవి ఎక్కువగా ఒకరు వాడి ఇచ్చిన పాత కంప్యూటర్లు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ తన సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో నిలిపివేసింది. పాత కంప్యూటర్లు చాలావాటిలో విండోస్ 11 ఎక్కదు. వాటికి రెండో జన్మ ఇచ్చేది లైనక్స్. అది ఉచితం. ఉబుంటు, మింట్, డెబియన్ వంటి పేర్లతో దొరుకుతుంది. మన దేశంలో సి-డాక్ సంస్థ తయారుచేసిన బాస్ కూడా లైనక్సే. ఈ పాఠం వీటిలో దేనికైనా పనికొస్తుంది.

ఒక మనవి. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాశాను. కంప్యూటర్లో మాత్రం టెర్మినల్ తెరిచి, చిన్న ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి, ఎంటర్ నొక్కాలి.

అక్షరం కాగితం మీదికి చేరే దారి

హాస్టల్లో అన్నం వేళకు రాలేదనుకోండి. మనం ఏం చూస్తాం? బియ్యం వచ్చాయా, గ్యాసు ఉందా, వంటమనిషి వచ్చాడా అని వరుసగా చూస్తాం. అంతేగానీ పళ్ళెం మార్చి కూర్చుంటే అన్నం రాదు కదా! ప్రింటరు విషయంలో మాత్రం చాలామంది పళ్ళెమే మారుస్తుంటారు. ప్రింట్ బటన్ పదిసార్లు నొక్కుతారు. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తారు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు కనిపించిన సెట్టింగు అంతా మారుస్తారు. దానివల్ల ఉన్న లోపానికి మరో రెండు లోపాలు కలుస్తాయి.

కాబట్టి ముందు దారి తెలుసుకోవాలి. మనం ప్రింట్ నొక్కగానే లిబ్రాఫీస్ వంటి ప్రోగ్రాం ఆ పేజీని సాధారణంగా పిడిఎఫ్‌గా తయారుచేసి కప్స్ అనే సేవకు అప్పగిస్తుంది. కప్స్ దాన్ని క్యూలో, అంటే వరుసలో నిలబెడుతుంది. తర్వాత డ్రైవరు ఆ పేజీని ప్రింటరుకు అర్థమయ్యే భాషలోకి మారుస్తుంది. అది యుఎస్‌బి కేబుల్ గుండా ప్రింటరుకు చేరుతుంది. ప్రింటరు దాన్ని కాగితం మీద దించుతుంది. ఈ కప్స్‌ను మైఖేల్ స్వీట్ అనే ఆయన రాశారు. 1999లో బయటికి వచ్చింది. ఆపిల్ కంపెనీ కూడా 2002 నుంచి తన కంప్యూటర్లలో దీన్నే వాడుతోంది.

దారిలో ఎక్కడ ఆగిందో కనుక్కోవడమే అసలు పని. దానికి ఆరు ప్రశ్నలు వరుసగా వేసుకోవాలి. ఒక ప్రశ్నకు జవాబు దొరకకుండా రెండో దానికి పోకూడదు.

మొదటి ప్రశ్న: ప్రింటరు తనంతట తాను బాగుందా?

కాగితం ఉందా, లోపల ముక్క ఇరుక్కుందా, టోనర్ కార్ట్రిడ్జి సరిగ్గా కూర్చుందా, మూత పూర్తిగా మూశామా చూడాలి. కాగితం ఇరుక్కుంటే ముందు స్విచ్ ఆపి, నిదానంగా, అది పోయే దిక్కుకే రెండు చేతులతో లాగాలి. లేజర్ ప్రింటరులో ఫ్యూజర్ అనే భాగం బాగా వేడెక్కుతుంది, తాకరాదు. బటన్ ఉన్న ప్రింటర్లలో చాలావాటికి కంప్యూటరు లేకుండానే పరీక్ష పేజీ తీసే ఏర్పాటు ఉంటుంది. ఆ పేజీ వస్తే ప్రింటరు బాగున్నట్టే.

లేజర్ ప్రింటరును చిన్న యుపిఎస్‌కు తగిలించకూడదు. ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు కరెంటు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. యుపిఎస్ తట్టుకోలేక కంప్యూటర్‌తో సహా ఆగిపోతుంది. ప్రింటరుకు నేరుగా గోడ ప్లగ్గే మేలు.

రెండవ ప్రశ్న: కంప్యూటరుకు ప్రింటరు కనిపిస్తోందా?

టెర్మినల్‌లో ఎల్, ఎస్, యు, ఎస్, బి అనే అయిదు అక్షరాలు మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. యుఎస్‌బికి తగిలించిన వస్తువులన్నీ వరుసగా కనిపిస్తాయి. ప్రతిదానికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. దానిలో మొదటి నాలుగు అక్షరాలు కంపెనీవి, తర్వాతి నాలుగు మోడల్‌వి. 03ఎఫ్0 ఉంటే హెచ్‌పి, 04ఎ9 ఉంటే క్యానన్, 04బి8 ఉంటే ఎప్సన్.

జాబితాలో ప్రింటరు లేకపోతే డ్రైవరు గురించి ఆలోచించడం దండగ. లోపం కేబుల్‌లోనో, పోర్టులోనో, ప్రింటరు కరెంటులోనో ఉంది. కేబుల్ రెండు చివరలా తీసి గట్టిగా పెట్టండి. ముందువైపు పోర్టు వదిలి సిపియు వెనుకవైపు పోర్టుకు తగిలించండి. మధ్యలో యుఎస్‌బి హబ్ ఉంటే తీసేయండి. అప్పటికీ కనిపించకపోతే పొరుగింటి నుంచి మరో కేబుల్ తెచ్చి చూడండి. కేబుల్ చూపుకు బాగానే ఉండి లోపల తీగ తెగి ఉండవచ్చు.

మూడవ ప్రశ్న: వరుస నడుస్తోందా, ఆగిందా?

ప్రింటరు కనిపిస్తోంది, అయినా కాగితం రాదు. అప్పుడు బ్రౌజరులో చిరునామా రాసే చోట లోకల్‌హోస్ట్ అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, 631 అని వేయండి. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. అది మన కంప్యూటర్లోనే ఉన్న కప్స్ పేజీ. అందులో ప్రింటర్స్ నొక్కితే మన ప్రింటరు పేరు, దాని స్థితి కనిపిస్తాయి. ఐడిల్ అంటే ఖాళీగా, సిద్ధంగా ఉందని అర్థం. పాజ్డ్ అని ఉంటే వరుస ఆగిపోయిందన్నమాట.

ఇది చాలామందిని తికమక పెట్టే లోపం. ప్రింటు మధ్యలో కరెంటు పోయినా, కేబుల్ ఊడినా కప్స్ చాలా సందర్భాల్లో ఆ వరుసను ఆపేస్తుంది. మనం కేబుల్ మళ్ళీ పెట్టినా తనంతట తాను మొదలుపెట్టకపోవచ్చు. అన్నీ సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తాయి, ప్రింటు మాత్రం రాదు. ఆ పేజీలో మెయింటెనెన్స్ అనే చోట రెజ్యూమ్ ప్రింటర్ నొక్కితే వరుస కదులుతుంది. కాకపోతే అంతకుముందే క్యాన్సిల్ ఆల్ జాబ్స్ నొక్కి పాతవి తీసేయండి. లేకపోతే పదిసార్లు నొక్కిన హాల్‌టికెట్టు పది కాపీలూ ఒకేసారి బయటికి వచ్చి టోనర్ అయిపోతుంది. అక్కడ మీ పేరు, పాస్‌వర్డు అడిగితే కంప్యూటర్ తెరిచేటప్పుడు వాడేవే ఇవ్వాలి. ఉబుంటు, డెబియన్‌లలో ఆ వినియోగదారుడు ఎల్‌పి అడ్మిన్ అనే గుంపులో ఉంటేనే అనుమతి ఉంటుంది.

నాల్గవ ప్రశ్న: ప్రింటు సరైన పేరుకే వెళ్తోందా?

ప్రింటరు పనిచేయనప్పుడల్లా మళ్ళీ మళ్ళీ కొత్తగా చేర్చడం వల్ల ఒకే ప్రింటరుకు రెండు మూడు పేర్లు తయారవుతాయి. మనం పంపేది పాత పేరుకు, పనిచేసేది కొత్త పేరు. కప్స్ పేజీలో ఒక్కొక్క పేరు తెరిచి మెయింటెనెన్స్‌లో ప్రింట్ టెస్ట్ పేజ్ నొక్కి చూడండి. దేనికి కాగితం వచ్చిందో దాన్ని ఉంచి డిఫాల్ట్‌గా పెట్టండి. మిగతావి తీసేయండి.

అయిదవ ప్రశ్న: డ్రైవరు సరైనదేనా?

పరీక్ష పేజీ రాకపోయినా, వచ్చిన కాగితం నిండా పిచ్చి అక్షరాలు ఉన్నా డ్రైవరును అనుమానించాలి. ఇటీవలి ప్రింటర్లు చాలావాటికి వేరే డ్రైవరు అక్కర్లేదు. ఐపిపి-యుఎస్‌బి అనే చిన్న ప్రోగ్రాం వాటిని తనంతట గుర్తిస్తుంది. పాతవాటికి మాత్రం మోడల్‌కు తగిన డ్రైవరు కావాలి. హెచ్‌పి వాటికి హెచ్‌పిలిప్ అనే ప్యాకేజీ ఉంది. కారణం తెలియకపోతే కప్స్ రాసుకునే దినచర్య పుస్తకం చూడాలి. వార్ ఫోల్డరులో లాగ్, దానిలో కప్స్, దానిలో ఎర్రర్ లాగ్ అనే ఫైలు అదే. దాని చివరి పది పదిహేను పంక్తులు చదివితే చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది. ఇంగ్లీషు వాక్యాలని భయపడవద్దు, పదో తరగతి ఇంగ్లీషు చాలు.

ఆరవ ప్రశ్న: పేజీలోనే లోపం ఉందా?

పరీక్ష పేజీ బాగా వచ్చి, మన కాగితం మాత్రం బాగా రాకపోతే ప్రింటరుది తప్పు కాదు. ముఖ్యంగా రెండు చూడాలి. మొదటిది కాగితం కొలత. అమెరికాలో వాడే లెటర్ కాగితం 215.9 మిల్లీమీటర్ల వెడల్పు, 279.4 మిల్లీమీటర్ల పొడవు. మన ఎ4 కాగితం 210 వెడల్పు, 297 పొడవు. సెట్టింగులో లెటర్ అని ఉంటే కొన్ని ప్రింటర్లు లైటు మినుకు మినుకుమంటూ ఆ కాగితం కోసం ఎదురుచూస్తాయి. కొన్ని అంచులో పంక్తులు కోసేస్తాయి. ప్రోగ్రాంలోనూ, కప్స్‌లోనూ ఎ4 అని పెట్టాలి.

రెండవది తెలుగు ఫాంటు. తెలుగు అక్షరాల బదులు గళ్ళు కనిపిస్తే ఆ కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేదని అర్థం. డెబియన్, ఉబుంటులలో పోతన, వేమన ఫాంట్లు ఒకే ప్యాకేజీగా ఉచితంగా దొరుకుతాయి. గళ్ళు కాకుండా అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వస్తే ఆ ఫైలు డిటిపి సెంటర్లో అను వంటి పాత పద్ధతి ఫాంట్లతో కొట్టినదై ఉండవచ్చు. అవి యూనికోడ్ కావు. అలాంటి ఫైలును పిడిఎఫ్‌గా చేసి ఇమ్మని సెంటరు వారినే అడగండి. పిడిఎఫ్‌లో ఫాంటు కూడా కలిసి వస్తుంది కాబట్టి ఎక్కడైనా ఒకేలా కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ: లేజర్‌జెట్ 1020

మన పల్లెల్లోనూ, పట్టణాల్లోనూ నెట్ సెంటర్లలో, ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించే ప్రింటర్లలో హెచ్‌పి లేజర్‌జెట్ 1020 ఒకటి. 2005లో మార్కెట్లోకి వచ్చింది. 12ఎ కార్ట్రిడ్జి వేసుకునే ఆ చిన్న తెల్ల పెట్టే. పాతదైనా గట్టిది కాబట్టి ఇప్పటికీ చేతులు మారుతూ ఇళ్ళకు వస్తోంది. లైనక్స్‌కు తగిలిస్తే దీని గుర్తింపు సంఖ్య 03ఎఫ్0, కోలన్, 2బి17 అని కనిపిస్తుంది.

దీనితో వచ్చే చిక్కు ఇది. నిన్న ప్రింటు ఇచ్చింది. రాత్రి కరెంటు పోయింది. ఈ రోజు జాబితాలో కనిపిస్తుంది, వరుస ఆగలేదు, డ్రైవరు ఉంది. కానీ కాగితం కదలదు. ఎందుకు?

ప్రతి ప్రింటరులో దాన్ని నడిపించే ఒక లోపలి ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. చాలా ప్రింటర్లలో అది శాశ్వతంగా లోపలే ఉంటుంది. ఈ 1020లో అలా లేదు. స్విచ్ ఆపితే మరిచిపోతుంది. మళ్ళీ వేసిన ప్రతిసారీ కంప్యూటరే ఆ ఫర్మ్‌వేర్‌ను దానికి పంపాలి. విండోస్ డ్రైవరు ఆ పని చూసుకుంటుంది. లైనక్స్‌లో హెచ్‌పిలిప్ ఉన్నా చాలదు, దానికి తోడు ప్లగిన్ అనే మరో ముక్క దించుకోవాలి. టెర్మినల్‌లో హెచ్‌పి, హైఫన్, ప్లగిన్ అని కొట్టి, అడిగినదానికి ఒప్పుకుంటే అది వస్తుంది. దీనికి మాత్రం ఇంటర్నెట్ కావాలి. హెచ్‌పిలిప్ వెర్షన్, ప్లగిన్ వెర్షన్ ఒకటే ఉండాలి. అందుకే లైనక్స్‌ను అప్‌డేట్ చేసిన తర్వాత ఈ ప్రింటరు ఆగిపోతే మొదట ప్లగిన్‌ను మళ్ళీ వేయాలి. తర్వాత ప్రింటరు స్విచ్ ఆపి, పది సెకన్లు ఆగి, వేయండి. లోపల చిన్న శబ్దం వచ్చి తిరిగితే ఫర్మ్‌వేర్ చేరినట్టు గుర్తు.

ఇదే ప్రింటరుకు ఫూ2జెడ్‌జెఎస్ అనే మరో డ్రైవరు కూడా ఉంది. రెండూ ఒకే కంప్యూటర్లో ఉంటే ఒకదానికొకటి అడ్డు పడవచ్చు. ఏదో ఒకటే ఉంచుకోవాలి.

ఒక ప్రింటరు కథ నుంచి పుట్టిన ఉద్యమం

లైనక్స్ ఇలా అడిగినదానికల్లా జవాబు చెప్పడం వెనుక ఒక చరిత్ర ఉంది. అదీ ప్రింటరు చరిత్రే. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటి విద్యాసంస్థ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటరు ఇచ్చింది. అందులో కాగితం తరచూ ఇరుక్కునేది. అక్కడ పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్ అంతకుముందున్న ప్రింటరు ప్రోగ్రాంను తానే సవరించి, కాగితం ఇరుక్కుంటే ప్రింటు కోసం ఎదురుచూసేవారికి కబురు అందేలా చేసుకున్నాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే దాని మూల ప్రోగ్రాం ఇవ్వలేదు. అది ఉన్న మరో విశ్వవిద్యాలయం వ్యక్తిని వెళ్ళి అడిగితే, ఎవరికీ ఇవ్వనని ఒప్పందం మీద సంతకం చేశానన్నాడు.

వస్తువు మన ముందే ఉంది, చేసే తెలివి ఉంది, తెరిచి చూసే హక్కు మాత్రం లేదు! ఆ బాధ మనసులో నాటుకొన్న స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పథకాన్ని ప్రకటించాడు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లైనక్స్ కెర్నెల్ దానికి తోడైంది. మన తెలుగునాట స్వేచ్ఛ అనే సంస్థ ఈ సాఫ్ట్‌వేర్లను తెలుగులోకి తెచ్చే పని చేస్తోంది.

1020 ప్లగిన్‌ను ఈ వెలుగులో చూడండి. హెచ్‌పిలిప్‌లో ఎక్కువ భాగం ఎవరైనా చదవవచ్చు, సవరించవచ్చు. ఆ ప్లగిన్ మాత్రం మూసి ఉంచిన పెట్టె. ఇన్నేళ్ళ తర్వాత కూడా మనల్ని ఆపేది ఆ మూసిన ముక్కే. కాబట్టి పాత ప్రింటరు కొనేముందు ధర ఒక్కటే చూడవద్దు. మోడల్ నంబరు రాసుకొని ఓపెన్‌ప్రింటింగ్ వారి జాబితాలో అది లైనక్స్‌తో ఎంత బాగా పనిచేస్తుందో చూసి కొనండి. క్యానన్ ఎల్‌బిపి 2900 కూడా మన వైపు చవకగా దొరుకుతుంది, కానీ దాని భాష క్యాప్ట్ అనే సొంత పద్ధతి. కొత్తగా నేర్చుకునేవారికి లైనక్స్‌లో దాన్ని ఏర్పాటు చేయడం కష్టం.

ఆఖరి తేదీ ముంచుకొస్తే

చివరిగా ఒక ముఖ్యమైన మాట. గడువు ఈ రోజే అయితే మరమ్మతు మొదలుపెట్టవద్దు. ప్రింట్ నొక్కినచోటనే ప్రింటరు పేరుకు బదులు ప్రింట్ టు ఫైల్ అని ఎంచి పిడిఎఫ్ చేసుకోండి. పెన్‌డ్రైవ్‌లో వేసుకొని నెట్ సెంటరుకు వెళ్ళి ప్రింటు తీసి దరఖాస్తు అందజేయండి. ఆధార్, ఆదాయ పత్రం వంటివి ఆ కంప్యూటర్లో కాపీ చేసి ఉంటే, మీ ముందే తీసివేయించండి, రీసైకిల్ బిన్‌లో కూడా లేకుండా చూడండి. ప్రింటరు రేపైనా బాగవుతుంది, గడువు మళ్ళీ రాదు.

విద్యార్థులు చేయవలసిన అభ్యాసం

1. మీకు అందుబాటులో ఉన్న ప్రింటరు మోడల్, గుర్తింపు సంఖ్య, కార్ట్రిడ్జి నంబరు ఒక నోటుబుక్కులో రాయండి.

2. ప్రింటరు బాగున్నప్పుడే కప్స్ పేజీ తెరిచి దాని స్థితి ఎలా కనిపిస్తుందో చూడండి. బాగున్నప్పటి రూపం తెలిస్తేనే చెడినప్పటి తేడా తెలుస్తుంది.

3. పెద్దల అనుమతితో కేబుల్ తీసి, ఒక పేజీ పంపి, వరుస ఆగుతుందో లేదో గమనించండి. తర్వాత మీరే దాన్ని నడిపించండి.

4. లోపం వచ్చిన ప్రతిసారీ తేదీ, ఏ ప్రశ్న దగ్గర జవాబు దొరికింది, ఏం చేస్తే బాగైంది అనే మూడు సంగతులూ రాసిపెట్టండి.

ఆ నోటుబుక్కును ఇల్లు వదిలి పై చదువుకు వెళ్ళేటప్పుడు తమ్ముడికో, చెల్లెలికో అప్పగించి వెళ్ళండి. పూర్వ విద్యార్థులు పాత కంప్యూటరు గానీ, ప్రింటరు గానీ ఎవరికైనా ఇచ్చేటప్పుడు దానితోపాటు ఇలాంటి ఒక కాగితం కూడా రాసి ఇవ్వగలరని మనవి. వస్తువు ఇచ్చినవారు ఒక అవసరం తీరుస్తారు, దాన్ని బాగుచేసుకునే విద్య కూడా ఇచ్చినవారు వారిని ఇంకొకరి గడప ఎక్కనివ్వకుండా నిలబెడతారు.